పిట్టకు పెట్టిన ముద్ద

ముద్ద అప్పటికే పిల్ల నోట్లో ఉంది.

చింత కింద నిలబడ్డ చుట్టాలంతా ఒక్కసారే అరిచారు. వద్దని కొందరు, పట్టుకోమని కొందరు. చేను గట్టు మీద వాలిన కొంగలు బెదిరి లేచిపోయాయి. పిల్ల మాత్రం బెదరలేదు. మోదుగాకు విస్తరి ముందు గొంతు కూర్చుని రెండో ముద్ద కలుపుకుంటోంది. సర్వపిండి ముక్కను విస్తరి అంచుకు జరిపి పెట్టుకుంది, ఆఖరుకు తిందామని.

బక్కమ్మ పోయిన మూడో రోజది. ముసలామెకు ఇష్టమైనవన్నీ వండి, కాలబెట్టిన జాగకు కాస్త ఎడంగా పిట్టకు పెట్టారు. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు ముట్టరాదు. పొద్దు నడినెత్తికి వచ్చినా కాకి రాలేదు. మనుషులుంటే రాదని అందరూ పక్కకు జరిగి, అటు తిరిగి నిలబడ్డారు. ఆ తిరిగిన సందులో ముసలామె మనుమరాలు మణెమ్మ పోయి విస్తరి ముందు కూర్చుంది.

యాదన్న గట్టు దిగి పరుగెత్తాడు. తండ్రి నీడ విస్తరి మీద పడ్డాక గానీ పిల్ల తల ఎత్తలేదు. ఎత్తి, నవ్వి, చేతిలో ముద్దను తండ్రి వైపు చాపింది.

ఆ చేతి మీదే యాదన్న కొట్టాడు. తర్వాత చెంప మీద.

"నా తల్లి నోటికాడి బువ్వ తింటవే. ఇంతమందిమి మొత్తుకుంటుంటె ఇనవడతలేదా నీకు."

"కొట్టకురా యాదిగా." పెద్దరాములు చుట్ట తీసి అన్నాడు. ఆయన యాదన్నకు మేనమామ. "కొడితె అవ్వకే తగుల్తది. తిన్నది పిల్ల గాదు. ముసల్దే పిల్లల జొచ్చి తిన్నది."

ఆ మాటతో ఆడవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. పిల్ల తల్లి సత్తెమ్మ కూడా వేసింది. వేసిన తర్వాత తెలుసుకుని ఆగింది.

అందరికీ దూరంగా కనకమహాలక్ష్మి నిలబడి ఉంది. యాదన్న ఇంట్లో తూర్పు వైపు రెండు గదుల్లో కిరాయికి ఉంటున్న కోస్తా మనిషి. ఆమె భర్త నరసరాజు, యాదన్న ఒకే ఫ్యాక్టరీలో, యంత్రపు సుత్తెలు ఆడే ఒకే షాపులో పనిచేస్తారు. ఆమె సంగారెడ్డిలో టీచరు ట్రైనింగు చదువుతోంది. ఆమె పిల్లను చూడటం లేదు. ఇంకా గాలిలోనే తిరుగుతున్న కొంగలను చూస్తోంది. చేనవతల ఉన్న కొంగలు లేచాయి. పది బారల దూరంలో ఉన్న పిల్ల భుజం కూడా కదల్లేదు.

ఇంకో విస్తరి పెట్టారు. పొద్దు వాలేదాకా కూర్చున్నారు. కాకి రాలేదు.

*

స్నానాలు చేసి తలుపు దగ్గర దీపం పెట్టేసరికి ఇల్లంతా తడిబట్టల వాసన. మణెమ్మ వసారాలో గడంచె మీద కూర్చుంది. నాలుగు కాళ్ల మీద పలకలు పరిచిన పాత బల్ల అది. ముసలామె మోకాళ్లు పట్టుకుపోయినప్పటి నుంచి దాని మీదే తిండి, దాని మీదే పడక. పిల్ల కూడా దాని మీదే పెరిగింది.

కనకమహాలక్ష్మి ఇత్తడి తాంబాళం, గరిటె పట్టుకుని వచ్చింది.

"ఏందక్కా అది." సత్తెమ్మ అడిగింది.

"ఒక్కసారి చూడనీ సత్తెమ్మా. తర్వాత నన్ను ఏమన్నా అను."

పిల్ల వీపు వెనక నిలబడి తాంబాళం మీద గరిటెతో కొట్టింది. పక్కింట్లో చంటిపిల్లవాడు లేచి ఏడుపు అందుకున్నాడు. కొట్టంలో బర్రె గొలుసు గుంజింది. మణెమ్మ చింతగింజలను వరసగా పేర్చుకుంటోంది. పేర్చుకుంటూనే ఉంది.

మళ్లీ కొట్టింది. పిల్ల ఒక గింజను తీసి, పుచ్చుదని పక్కకు వేసింది.

"గది మొండితనం." యాదన్న లోపలి నుంచి వచ్చాడు. "టీచరమ్మా, నీ పల్లెం సప్పుడు దానికి లెక్కలేదు. మా అవ్వ సప్పుడైతె ఇంటది. సూడు."

గోడకు ఆనించి ఉన్న తల్లి చేతికర్ర తీసి గడంచె అంచు మీద ఒక్క దెబ్బ వేశాడు.

పిల్ల గిరుక్కున తిరిగింది. ముఖమంతా వెలిగింది. తండ్రిని దాటి ద్వారం వైపు చూసింది. కాసేపు అలాగే చూసి, మెల్లగా గింజల వైపు తిరిగింది.

"సూసినవా. చెవులు మంచిగనే ఉన్నయ్. మేం పిలిస్తె పలకది. ముసల్ది పిలిస్తె పలుకుతది. గారాబం జేసి పాడు జేసింది."

"ఆ కర్రతోనే గోడ మీద కొట్టండి యాదన్నగారూ."

"గోడేంది."

"కొట్టి చూడండి."

కొట్టాడు. పిల్ల తిరగలేదు. గడప మీద కొట్టాడు. నేల మీది బండ మీద కొట్టాడు. మొదట నెమ్మదిగా, తర్వాత గట్టిగా, తర్వాత పళ్లు కొరుకుతూ కొట్టాడు. వాకిట్లో నడిచిపోయేవాళ్లు ఆగి చూశారు. పిల్ల గింజల వరసను మలుపు తిప్పింది.

యాదన్న కర్రను కింద పెట్టాడు.

"గడంచె అదిరితే ఆ అదురు ఒంటికి తెలుస్తుంది." కనకమహాలక్ష్మి గొంతు తగ్గించి చెప్పింది. "పెద్దావిడ పిల్లని పిలిచింది అలాగే. ఆ పిల్లకి చెవులు వినపడవండీ. పుట్టినప్పటి నుంచీ వినపడి ఉండవు. అందుకే మాట రాలేదు."

పక్కింటి పిల్లవాడి ఏడుపు ఆగింది.

సత్తెమ్మే ముందు మాట్లాడింది. అరవలేదు.

"మొన్న నువ్వే గదక్కా అంటివి. దీనికి బుద్ధి మందమని."

"అన్నాను."

"ఒక్కతీరుగ నేర్పిస్తె వస్తదంటివి. పేరువెట్టి పిలువు, తిరిగితె బెల్లం ముక్క పెట్టు, తిరగకుంటె పెట్టకు అంటివి."

ట్రైనింగులో ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లను ఎంచుకుని, ఎలా నేర్చుకుంటున్నదో గమనించి వచ్చి క్లాసులో చెప్పాలి. కనకమహాలక్ష్మి మణెమ్మను ఎంచుకుంది. గంట కొట్టి తిండి పెడితే, కొన్నాళ్లకు గంట వినగానే నోరూరుతుందని మాస్టారు చెప్పిన పాఠం కొత్తగా వంటబట్టిన రోజులవి. మణెమ్మ ఒకప్పుడు తిరిగేది, ఒకప్పుడు తిరిగేది కాదు. తిరిగినప్పుడల్లా వెనక గడంచె మీద ముసలామె కర్ర దెబ్బ పడేదన్నది కనకమహాలక్ష్మి గమనించలేదు. పిల్ల మందబుద్ధి అని క్లాసులో చెప్పింది. మాస్టారు బాగా గమనించావన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి వీళ్లకూ చెప్పింది.

"తప్పు చెప్పాను సత్తెమ్మా."

"తప్పంటె అయిపాయెనా. నువ్వు సదువుకున్న దానివి. నీ మాట ఇని బెల్లమే గాదు, బువ్వ కాడ గూడ గదే జేసిన. ముంగట గూసుండవెట్టుకొని పేరు పిలిచిన. పలకకుంటె పల్లెం గుంజుకున్న." సత్తెమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. "నేను గుంజుకున్నప్పుడల్ల అత్త తన పల్లెంల నుంచి పెట్టేది. పిల్లను నాకు గాకుంట జేస్తున్నవని తిట్టిన."

పిల్ల వైపు చూసింది. చెంప మీద తండ్రి వేళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"అత్త పోయినకాడ్నుంచి దీనికి బువ్వ ఎవరు పెట్టిండ్రు."

యాదన్న భార్యను చూశాడు. వంటింటి గుమ్మంలో ఉన్న నర్సింహమ్మ తల వంచుకుంది. ఆమె చనిపోయిన బక్కమ్మకు సొంత చెల్లెలు. ఇంటికి వచ్చీపోయే చుట్టాలు, పాడె, కట్టెలు, నీళ్లు. ప్రతి ఒక్కరూ ఇంకొకరు పెట్టి ఉంటారనుకున్నారు.

"నువ్వు పెట్టినవా చిన్నత్తా."

"లేదు బిడ్డ. నువ్వు పెట్టినవనుకున్న."

సత్తెమ్మ లేచి వంటింట్లోకి పోయింది. పిట్ట ముట్టని ఇంట్లో ఆ పూట పొయ్యి రాజేయకూడదు. రాజేసింది. ఎవరూ వద్దనలేదు.

*

మర్నాడు సంగారెడ్డి నుంచి కనకమహాలక్ష్మి ఒక కబురు తెచ్చింది. హైదరాబాదులో చెవిటి పిల్లల బడి ఉందట. అక్కడే ఉంచుకుని, పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం, చేతులతో చెప్పడం, రాయడం నేర్పిస్తారట. ఏడేళ్లు దాటిన పిల్లలను కొత్తగా చేర్చుకోరు. మణెమ్మకు ఏడు నిండబోతున్నాయి.

"ఎందుకు దాటొద్దంట." యాదన్న అడిగాడు.

"చిన్నప్పుడు మాట దానంతటది అంటుకుంటుందండీ. వయసు దాటేకొద్దీ కష్టం. ఏ మాటా రాకుండా పెరిగితే, లోపల ఆలోచించుకోవడానిక్కూడా ఆసరా ఉండదని మా మాస్టారు చెప్పారు."

"గా మాస్టరేనా, బుద్ధి మందమంటె మంచిగ జెప్పినవన్నది."

ఆయనేనని కనకమహాలక్ష్మి ఒప్పుకుంది.

"నా పిల్లను నేను పట్నంల ఇడిసిపెట్టి రాను టీచరమ్మా. మీ దిక్కు ఎట్లనో నాకు తెల్వది. మా దిక్కు చెవిటిదైనా గుడ్డిదైనా ఇంట్లనే ఉంటది. మాట రాకుంటేంది. బర్రెలు కాస్తది. కలుపు తీస్తది. ఇంత బువ్వ నేను పెట్టలేనా."

"పెట్టగలరు. మొన్న ఎవరూ పెట్టలేదు."

ఆ మాట అన్నందుకు ఆమె వెంటనే బాధపడింది. యాదన్న కండువా దులిపి భుజాన వేసుకుని వాకిట్లోకి పోయాడు. షిఫ్టు దిగి వచ్చిన నరసరాజు అప్పుడే సైకిలుకు స్టాండు వేస్తున్నాడు. గోదావరి గట్టు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు.

"మా ఆవిడ మాట తొందర యాదన్నా. మనసులో పెట్టుకోకు."

"అబద్ధం ఏం అనలే రాజుగారు."

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. నరసరాజు బీడీ ఇచ్చాడు. కాసేపు పొగ తాగారు.

"ఒకటి అడుగుతాను. మొన్న క్రేను గొలుసు జారినప్పుడు నిన్ను పక్కకు జరగమన్నాను చూడు. ఎలా అన్నాను."

"ఎట్లేంది. చెయ్యి ఇట్ల అన్నరు."

"నోటితో అనలేదా."

"ఆ సుత్తెల నడుమ నోరుంటే ఎంత, లేకుంటే ఎంత. ఆడ అందరం చేతులతోనే గద."

"నీకు ఆ సైగలు నేర్పిందెవరు."

యాదన్న ఆలోచించాడు. "ఎవరు నేర్పలే. కొత్తల బిత్తరపోయిన. నెల దినాలల్ల అవే వచ్చినయ్."

"చుట్టూ వందమంది అదే భాషలో మాట్లాడుతుంటే వచ్చాయి. నువ్వొక్కడివే ఉంటే వచ్చేవా." నరసరాజు బీడీ నేలకేసి నలిపాడు. "నీ కూతురికి ఇన్నేళ్లూ ఒక్క ముసలావిడ ఉంది. ఆవిడ కూడా పోయింది. నువ్వు పొద్దంతా చేతులతో మాట్లాడి, ఇంటికొచ్చి ఆ పిల్లని నోటితో పిలుస్తావు."

నరసరాజు లేచి లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి యాదన్న లేచి వసారా వైపు తిరిగాడు. మణెమ్మ గడంచె మీద నుంచి ద్వారం వైపు చూస్తోంది. మూడు నాలుగు రోజులుగా అలాగే చూస్తోంది. శవం లేచేటప్పుడు పిల్లలు చూడకూడదని ఆమెను పక్కింట్లో పెట్టారు. నాయనమ్మ పోయిందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. చెప్పే దారి ఎవరికీ తెలియదు.

షాపులో దూరంగా ఉన్న మనిషిని రమ్మనాలంటే చెయ్యి తలపైకెత్తి లోపలికి విసరాలి. యాదన్న పిల్లకేసి చెయ్యి ఎత్తాడు.

పిల్ల రెండు చేతులతో చెంపలు కప్పుకుని గడంచె కిందికి దూరింది.

*

దినాలకు వంటపాత్రలు తోముతూ సత్తెమ్మ, నర్సింహమ్మ బావి దగ్గర కూర్చున్నారు. బూడిద, చింతపండు కలిపి గుండిగ రుద్దుతున్నారు.

"చిన్నత్తా."

"ఊఁ."

"మా అత్తకు ఎరికేనా."

నర్సింహమ్మ చెయ్యి ఆగలేదు. ఆగకపోవడమే సత్తెమ్మ చూసింది.

"నిన్నే అడుగుతున్న. పిల్లకు ఇనవడదని ఆమెకు ఎరికేనా."

"పోయినోళ్ల ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డ."

"ఉన్నది నా బిడ్డ. చెప్పు."

నర్సింహమ్మ గుండిగను బోర్లించి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"ఎరికే. పిల్ల ఇంకా కూసుంటలేకుండె. బోనాలకు డప్పులు వాకిట్లకు వచ్చినయ్. మా అక్క దాన్ని ఒళ్లె ఏసుకొని ఉన్నది. చెవుల కాడ డప్పు కొట్టినా లేవలే. అప్పుడే నా చెయ్యి పట్టుకొని లోపలికి గుంజుకపోయింది. ఎవ్వలకు చెప్పకు, నా మీద ఒట్టు అన్నది."

"ఎందుకు."

"నీకు మొదటి కాన్పు సచ్చి పుట్టె. గుర్తున్నదా. అప్పట్ల పెద్దరాములు ఊకె వస్తుండె. తన చిన్నబిడ్డను యాదికి ఇయ్యాలని. రెండోది ఆడపిల్ల, అదీ చెవిటిది అంటె నీ మూట ముల్లె గట్టి పుట్టింటికి తోలుదురు. మా అక్క మంచం మీద గూసుండి ఇదంత లెక్కగట్టింది."

సత్తెమ్మ బూడిద చేతులతో అలాగే ఉండిపోయింది.

"నేను గూడ అడిగిన. పిల్లకు అన్యాలం గాదా అక్కా అన్న. 'మొండి పిల్ల అంటె పిల్లను తిడ్తరు, చెవిటి పిల్ల అంటె తల్లిని ఎల్లగొడ్తరు' అన్నది. తిట్లు ఎట్లాగు దానికి ఇనవడయి గద అన్నది. గట్లని నవ్వింది. ఎనక ఏడ్సింది."

"నా కోసం జేసిందా."

"నీ కోసమే."

"నా కాపురం నిలవెట్టింది." సత్తెమ్మ మాట మెల్లగా వచ్చింది. "నిలవెట్టి, నా బిడ్డ నోరు గట్టేసింది. ఇన్నేండ్లు నాకన్నా చెప్పకపాయె. నాకు చెప్తె నేను దాచుకోకపోదునా. దానితోని నేను గూడ చేతులతోని మాట్లాడకపోదునా."

"నువ్వు చిన్నదానివి. మొగనితోని చెప్పకుంట ఉంటవా."

సత్తెమ్మ ఆలోచించింది. అప్పటి తన వయసును ఆలోచించింది. చెప్పకుండా ఉండేదాన్నని అనలేకపోయింది.

"ఆమె సైగలు నీకొస్తయా చిన్నత్తా."

"నాలుగైదు వస్తయ్. వాళ్లిద్దరికీ మస్తుండె. పొద్దుగూకినంక గడంచె మీద గూసుండి ఇద్దరు నవ్వుకుంటుండిరి. దేనికి నవ్వుతున్నరో మనకేమెరుక."

సత్తెమ్మ గుండిగ ముందుకు లాక్కుంది. రుద్దిన చోటే మళ్లీ రుద్దింది. ఎవరి మీద కోపంతో ఏడవాలో తెలియక, ఏడుపు ఆగేదాకా రుద్దుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఆమె భర్త పక్కన నిలబడి రెండే మాటలు చెప్పింది.

"మీ అవ్వకు తెలుసు. నీకు భయపడి చెప్పలే."

యాదన్న ఎందుకని అడగలేదు. పెద్దరాములు రాకపోకలు ఆయనకూ గుర్తే. అప్పట్లో తాను వద్దని గట్టిగా అనలేదన్నదీ గుర్తే.

*

దినాలు అయిపోయాయి. చుట్టాలు పోయారు. పిల్లను పంపుతున్నామని యాదన్న ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున ఫ్యాక్టరీకి నాగా పెట్టి బండి కట్టాడు. బొంబాయి రోడ్డు దాకా బండి, అక్కడి నుంచి బస్సు.

"పోయి సూసొద్దాం." ఎద్దుల మెడపట్టెలు బిగిస్తూ అన్నాడు. "నచ్చకుంటె మల్లుదాం."

కనకమహాలక్ష్మి బండి పక్కన నిలబడింది. ఆమె ఆ రోజు క్లాసు మానుకుంది. పెద్దరాములు ఎదురింటి అరుగు మీద నుంచి చూస్తున్నాడు.

"ఏంరా, పిల్లను ఆంధ్రోళ్లకు ఒప్పజెప్తున్నవా."

"నీకు ఒప్పజెప్తె ఏం నేర్పిస్తవు మామా. చుట్ట తాగుడా."

పెద్దరాములు చుట్ట నోట్లో పెట్టుకుని ముఖం తిప్పుకున్నాడు.

మణెమ్మ గడంచె దిగలేదు. తల దువ్వించుకుంది, కొత్త లంగా కట్టించుకుంది. చెయ్యి పట్టుకుని లాగేసరికి బల్ల కాలును కరచుకుంది. యాదన్న ఎత్తుకుందామని వస్తే చెంపలు కప్పుకుంది. ఆయన అక్కడికక్కడే ఆగి, వెనక్కి వెళ్లి ఎద్దుల దగ్గర నిలబడ్డాడు.

"ఏడ్పించి తీసుకుపోవద్దండీ." కనకమహాలక్ష్మి అంది. "మొదటి రోజే భయపడితే ఆ బడి అంటేనే భయం పట్టుకుంటుంది. తర్వాత ఎవరు నేర్పినా ఎక్కదు."

"ఇంకెట్ల తీసుకపోవాలె అక్కా. చెప్తనంటె దానికి ఇనవడదు. చేతులతోని చెప్తనంటె నాకు రాదు."

సత్తెమ్మ గడంచె ముందు చతికిలపడింది. పిల్ల కళ్లకు ఎదురుగా వచ్చేటట్టు కూర్చుంది. ఏమీ చెయ్యలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. అంతసేపు పిల్ల ముఖాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

కొంతసేపటికి మణెమ్మ బల్ల కాలు వదిలింది. తల్లిని చూసింది. బండిని చూసింది. ఎడమ ముంజేతి లోపలి వైపు, మణికట్టు నుంచి మోచేతి దాకా, కుడిచేతి వేలితో ఒక గీత గీసింది. బండి వైపు వేలు చూపించింది. కనుబొమలు ఎత్తి తల్లి ముఖంలోకి చూసింది.

పిల్ల తనను ఏదో అడిగింది. పుట్టిన తర్వాత తనను అడగడం ఇదే మొదలు.

సత్తెమ్మకు కళ్లు మసకబారాయి. రమ్మంటున్నావా అని అడుగుతోంది కాబోలు. నువ్వు కూడా వస్తావా అని కాబోలు. తల ఊపింది. చాలదనిపించి మళ్లీ ఊపింది. నవ్వుతూ, బండి వైపు తానూ వేలు చూపించి, ఇంకోసారి ఊపింది.

మణెమ్మ గడంచె మీద నుంచి దూకింది.

"సూసినవా." సత్తెమ్మ భర్తను కేకేసింది. "నాతోని మాట్లాడింది. వస్తనన్నది."

యాదన్న ముఖం తిప్పుకుని ఎద్దు గంగడోలు నిమిరాడు. కనకమహాలక్ష్మి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ ఇంట్లో అన్ని రోజుల తర్వాత అందరి ముఖాలూ కాస్త తేలికపడ్డాయి.

పిల్ల బండి దగ్గరికి రాలేదు. లోపలికి పరుగెత్తింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె రెండు చేతుల నిండా సామాను. ముసలామె కప్పుకునే పాత దుప్పటి. ఆకువక్కల సంచి. వక్కలు దంచుకునే చిన్న రోలు. రోలు బరువుకు ఒక పక్కకు ఒరిగి నడుస్తూ వచ్చి, అన్నీ ఒక్కొక్కటిగా బండిలోకి అందించి, తానూ ఎక్కింది. దుప్పటి ఒళ్లో పెట్టుకుని మడత సరిచేసింది. నవ్వుతోంది.

గుమ్మంలో నిలబడ్డ నర్సింహమ్మ మెట్లు దిగి వచ్చింది.

"సత్తీ. దానికి ఏం జెప్పినవే."

"వస్తవా అన్నది. వస్తనన్న."

"ఇట్లనేనా అడిగింది." నర్సింహమ్మ తన ముంజేతిని ముందుకు చాపి, మణికట్టు నుంచి మోచేతి దాకా వేలితో గీసింది. ఆ ముదురు చర్మం మీద మణికట్టు నుంచి మోచేతి దాకా ఆకుపచ్చని పచ్చబొట్టు ఉంది. అక్కాచెల్లెళ్లు చిన్నప్పుడు ఒకే రోజు, ఒకే మనిషి చేత పొడిపించుకున్నది.

"అవు. గట్లనే."

"అది మా అక్క పేరు బిడ్డ. పిల్ల అక్కను గట్లనే పిలుస్తది." నర్సింహమ్మ బండిలోని దుప్పటిని చూసింది. "నాయినమ్మ కాడికేనా అని అడిగింది నిన్ను. నువ్వు అవునన్నవు."

సత్తెమ్మ ఒక కాలు బండి చక్రం మీద పెట్టి ఉంది. ఒక కాలు నేల మీద ఉంది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో కనకమహాలక్ష్మి చదివిన పాఠాల్లో లేదు.

కాదని ఇప్పుడు ఎలా చెప్పాలి. తల అడ్డంగా ఊపితే ఏది కాదంటుంది. బండి కాదనా, నాయనమ్మ కాదనా. కాదంటే పిల్ల దిగిపోతుంది. దిగితే మళ్లీ ఎక్కదు. ఎక్కకపోతే ఏడు నిండుతాయి. చెప్పకుండా తీసుకుపోతే, ఆ బడి గేటు లోపల పిల్ల ఈ దుప్పటి పట్టుకుని గదులన్నీ వెతుకుతుంది. వెతికి వెతికి, తల్లి తనకు చెప్పిన మొదటి మాట ఏమిటో తెలుసుకుంటుంది.

యాదన్నకు ఇదేమీ వినిపించలేదు. కాడి మీద చెయ్యి వేసి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"తోలాల్నా."

మణెమ్మ దుప్పటి పక్కకు జరిపి, తల్లి కూర్చోవడానికి చోటు చేసింది. చేసి, ఆ చోటు మీద అరచేత్తో తట్టింది.

"సత్తెమ్మా. పొద్దెక్కుతున్నది. తోలాల్నా, వద్దా."